మాట్లాడని సవతి

ఆ వానాకాలం మా ఇంట్లో నాకు సవతి పోరు మొదలైంది. ఆ సవతి పోయి అప్పటికే ఎన్నో ఏళ్ళు. పోయిన మనిషితో పోట్లాటేమిటని మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. బతికున్న మనిషైతే ఎదురుపడి నాలుగు దులిపేసి రావచ్చు. పోయినావిడని ఏం చేయగలం?

మా ఊరి లైబ్రరీ పై అంతస్తు కారుతోందని సామానంతా కిందికి దించుతుంటే, పాత బీరువాల వెనక రేకు డబ్బాలు బయటపడ్డాయి. వాటినిండా సినిమాలకి మాటలు రాకముందు కాలం నాటి సినిమా రీళ్ళు. లైబ్రేరియన్ సరదా మనిషి. వాటిని శుభ్రం చేయించి, హాల్లో తెల్లగుడ్డ కట్టి, ఆదివారం మధ్యాహ్నాలు వేయడం మొదలుపెట్టాడు.

మా ఆయన బీమా ఆఫీసులో పనిచేస్తారు. దాంతోపాటు ఆదివారం పేపర్లో సినిమా సమీక్షలు రాస్తారు. ఊళ్ళో ఆయన్ని అందరూ విమర్శకుడుగారనే అంటారు. కొత్త సినిమాని ఉతికి ఆరేయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయనకి నచ్చే సినిమా ఇంకా ఎవరూ తీయలేదని నేను పనిచేసే బస్టాండ్‌లో మావాళ్ళ వేళాకోళం. అలాంటి మనిషి, మొదటి ఆదివారం మూగసినిమా చూసొచ్చి, తడిసిన చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి బల్ల ముందు కూర్చున్నారు. తలెత్తకుండా రాశారు. మధ్యలో ఒకసారి నవ్వుకున్నారు కూడా.

ఏం రాశారో పేపర్లో వచ్చాకే చదివాను. భర్త పోయిన కబురు విన్నాక ఆ సినిమాలో హీరోయిన్ ఏడవదట. పక్కనే ఉన్న తువ్వాలు తీసి మడతపెడుతుందట, అంతే. ఆ మడత గురించి సగం కాలమ్ రాశారు. "ఆ వేళ్ళు గుడ్డ అంచుని వెతుక్కున్న తీరులో ఒక జీవితం మొత్తం ఉంది. ఆమె నోరు విప్పదు. విప్పితే ఇంత మాట చెప్పగలిగేది కాదు" అని ముగించారు.

ఆయన అది రాస్తున్నంతసేపూ నేను ఆ బల్ల పక్కనే నిలబడి, వానకి ఆరీ ఆరని బట్టలన్నీ మడతలు పెడుతున్నాను. వాటిలో తువ్వాళ్ళు కూడా ఉన్నాయి. మధ్యలో ఆయన నాతో అన్నది ఒకటే మాట. కాస్త పక్కకి జరగమన్నారు, వెలుతురుకి అడ్డమొస్తున్నానట.

అసలు సంగతి ఇంకోటుంది. నా ఉద్యోగమే మాట్లాడటం. బస్టాండ్‌లో అనౌన్సర్ని. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మైకులో వినిపించే గొంతు నాదే. ప్లాట్‌ఫారాలన్నిటి మధ్యా ఒక గాజు గది, అందులో నేను, నా మైకు. నా ముఖం తెలియనివాళ్ళు ఊళ్ళో చాలామందే ఉంటారు, గొంతు తెలియనివాళ్ళు ఉండరు. కూరగాయల దుకాణంలో నోరు విప్పితే చాలు, మనుషులు వెనక్కి తిరిగి చూస్తారు. అదంటే నాకు లోలోపల గర్వం. అలాంటిది కట్టుకున్న మనిషే, నోరు విప్పకపోవడమే ఆ హీరోయిన్ గొప్పతనమని పేపర్లో అచ్చేయించారు. టిక్కెట్ కౌంటర్లో కూర్చునే నా స్నేహితురాలు పేపరు పట్టుకుని నా గదికే వచ్చింది. "పాపం మీ ఆయన, పొద్దస్తమానం నీ గొంతు విని విని ఎక్కడో తేలాడు" అంది. నవ్వాను గానీ, లోపల కడుపు మండిపోయింది.

వారం వారం ఆవిడ సినిమాలే వచ్చాయి. ఆ డబ్బాల్లో ఎక్కువ ఆవిడవేనట. వారం వారం మా ఆయన ఆవిడ కనుబొమలనీ, మెడ తిప్పడాన్నీ, తలుపు వేసే తీరునీ రాసుకుంటూ పోయారు. భోజనాల దగ్గరా ఆవిడే. సినిమాలకి మాటలొచ్చాక ఆవిడ గొంతు బాగోలేదని ఎవరూ పిలవలేదట, ఇరుకు గదిలో ఒంటరిగా పోయిందట. అది చెబుతుంటే ఆయన ముద్ద ఆగిపోయింది. నాకు జ్వరమొచ్చి మూలిగినప్పుడు కూడా ఆయన ముద్ద ఆగడం నేను చూడలేదు.

మా అత్తగారికి చెవులు సరిగా వినపడవు. ఎదుటివాళ్ళ ముఖం చూసి విషయం పట్టేస్తుంది. నా ముఖం చూసి, "నీ సవతి గురించేనా?" అని అడిగింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ హీరోయిన్‌కి అదే పేరు ఖాయమైంది.

అత్తగారికి మాత్రం ఆ సినిమాలంటే పండగే. చెవులు మొరాయించినప్పటి నుంచి సినిమాలకి వెళ్ళడం మానేసింది. ఇప్పుడు హాల్లో అందరికీ ఎంత అర్థమవుతుందో తనకీ అంతే. తెర మీద పడే అక్షరాలు పెదవులు కదుపుతూ చదువుకునేది. "ఇన్నాళ్ళకి నాకోసం తీశారే" అని మురిసిపోయింది. అత్తగారికి తోడు వెళ్ళే వంకతో నేనూ వెళ్ళాను. నా సవతిలో అంత ఏముందో చూడాలిగా.

ఉందండీ. అదే నా బాధ. తెరనిండా గీతలు, మచ్చలు, వాన పడుతున్నట్టు బొమ్మ అంతా వణుకు. వాటన్నిటి వెనక నుంచి ఆవిడ ఒక్కసారి ఇటు తిరిగేసరికి, హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. ఏదైనా వంక దొరుకుతుందేమోనని చివరిదాకా వెతికాను. ముక్కు కాస్త పొడుగు, అంతే. ఇంటికొచ్చేటప్పుడు దారిలో అదే మాట అన్నాను. ఆయన జాలిగా చూసి, ఆ ముక్కు వల్లే ఆ ముఖానికి దిగులొచ్చిందని వివరించారు.

ఆ సినిమాల్లో బొమ్మకీ బొమ్మకీ మధ్య అక్షరాల పలక ఒకటి పడుతుంది, ఎవరు ఏమన్నారో చెప్పడానికి. చూపు ఆననివాళ్ళ కోసం, చదవడం రాని పిల్లల కోసం లైబ్రేరియనే వాటిని పైకి చదివేవాడు. ఒక ఆదివారం అతనికి గొంతు పోయింది. హాల్లో చుట్టూ చూసి, చేతులు జోడించి నన్ను రమ్మన్నాడు. ఊళ్ళో ఇంత గొంతు పెట్టుకుని ఇంకెవరిని అడగాలి అన్నాడు. మా ఆయన వద్దన్నట్టు తలాడించారు. అందుకే వెళ్ళాను.

తెర పక్కన నిలబడ్డాను. ఆవిడ నోరు కదిలింది, పలక పడింది, నేను చదివాను. పదిహేనేళ్ళుగా బస్సుల కోసం అరిచిన గొంతు కదా, ఎక్కడికి పోతుంది? "నువ్వు తిరిగి వచ్చేవరకు ఈ తలుపు తెరిచే ఉంచుతాను" అని ఆవిడ ప్రియుడితో చెప్పిన మాట నా నోట్లో పడి, మూడో ప్లాట్‌ఫారం మీదికి రావాల్సిన బస్సులా వినిపించింది. పిల్లలు కిలకిలా నవ్వారు. తర్వాత పెద్దవాళ్ళూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుల్లో ఆవిడ కొంచెం చిన్నదైంది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నా ప్రాణం హాయిగా ఉంది.

ఇంటికొచ్చాక ఆయన ఒక్క మాటా అనలేదు. అనాల్సింది పేపర్లో అన్నారు. "ఒక గొప్ప నటి మౌనం మీద బస్టాండ్ మైకు పెట్టడం ఎంత అన్యాయమో పోయిన ఆదివారం చూశాం. కొన్ని గొంతులు ప్రయాణికులకే పరిమితం కావడం మంచిది" అని రాశారు. పేరు రాయలేదు. ఊళ్ళో బస్టాండ్ ఒకటే, గొంతూ ఒకటే.

ఆ పేపరు మడిచి ఆయన కంచం పక్కన పెట్టాను. "మీకు మాట్లాడని మనిషి కావాలి. అంతేగా? ఇవాళ్టి నుంచి ఉంటుంది" అన్నాను. ఇంట్లో నా గొంతు అక్కడితో ఆగిపోయింది.

మొదట్లో ఆయన అది సరసం అనుకున్నారు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని అత్తగారితో జోకులేశారు. ఆ తర్వాత మొదలయ్యాయి తిప్పలు. గొడుగు విరిగిందని చేత్తో చూపిస్తే, కొబ్బరికాయ కావాలా అన్నారు. గ్యాస్ అయిపోయిందని పొయ్యి చూపించి చేతులు తిప్పితే, వంట బాగుందని మెచ్చుకున్నారు. పన్ను సలుపుతోందని చెంప పట్టుకుని కూర్చుంటే, ఇంకా అలకేనా అన్నారు. పోయినావిడ కనుబొమ కదిలితే కాలమ్ నిండా అర్థాలు చెప్పే మనిషికి, ఎదురుగా ఉన్న పెళ్ళాం ముఖంలో పన్నునొప్పి కనపడలేదు. అత్తగారు మాత్రం చూడగానే లవంగం తెచ్చి చేతిలో పెట్టింది.

మాట్లాడేద్దామని ఎన్నోసార్లు నాలుక దాకా వచ్చింది. కానీ నా పంతం అప్పటికి వేరే దారి పట్టింది. ఆవిడని చదివినట్టు నన్నూ ఒక్కసారి చదవాలి. ఒక్కసారి సరిగ్గా చదివితే చాలు, నేనే నోరు విప్పేస్తాను. అంతకుమించి నేనేమీ అడగలేదు.

ఆ రోజుల్లోనే బస్టాండ్‌లో కొత్త మెషీన్ పెట్టారు. స్టోర్ రూమ్ కిటికీలకి దుప్పట్లు కట్టి, వాన చప్పుడు లోపలికి రాకుండా చేసి, నాచేత ఊళ్ళ పేర్లన్నీ చదివించారు. అంకెలు చదివించారు. "ఆలస్యంగా నడుస్తోంది", "సిద్ధంగా ఉంది", "దయచేసి గమనించండి", అన్నీ విడివిడిగా. నేను సెలవు పెట్టినప్పుడు పనికొస్తుంది కాబోలు అనుకుని ఎంతో ముచ్చటపడి చదివాను. ఒక్క ముక్క సరిగా రాకపోయినా నేనే మళ్ళీ చదువుతానన్నాను. అంతా అయ్యాక మేనేజర్ పిలిచి, నన్ను పార్సిల్ కౌంటర్‌కి మారుస్తున్నామని చెప్పాడు. ఇకమీదట ఆ ముక్కల్ని మెషీనే అతికించి పలుకుతుందట. "మీ గొంతు ఎక్కడికీ పోదమ్మా, ఇక్కడే ఉంటుంది" అని ఓదార్చాడు. పాపం, అతను మంచి మాటే అన్నాననుకున్నాడు.

నా సవతికి గొంతు బాగోక పని పోయింది. నాకు గొంతు బాగుండి పోయింది. ఆ సాయంత్రం వానలో నడిచి వస్తుంటే, ఆవిడ మీద మొదటిసారి కోపం రాలేదు. ఇంకో ఆడమనిషి మీద వచ్చింది. జలుబు చేయనిది, అలిసిపోనిది, సెలవు అడగనిది, నా గొంతుతోనే నా కుర్చీలో కూర్చోబోయేది. సొంత గొంతు మీద కుళ్ళుకోవడం అంటే ఏమిటో ఎవరికైనా తెలుసో లేదో గానీ, నాకు తెలిసింది.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన బల్ల దగ్గర రాసుకుంటున్నారు. లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను. ఇప్పుడు చూడండి, చదవండి, ఇంతకంటే పెద్ద అక్షరాలతో నా ముఖం మీద ఎప్పుడూ రాసి ఉండదు అని మనసులో బతిమాలాను. ఆయన తలెత్తారు. నా వైపు చూశారు.

"వాన పడుతోందా?" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళిపోయాను. అత్తగారు నా వెనకే వచ్చి తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగి, నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. "ఏం పోయింది?" అని అడిగింది. గొంతు చూపించాను. చేతులతో పెట్టె ఆకారం గీశాను. గొంతు తీసి ఆ పెట్టెలో పెట్టి మూత వేశాను. కుర్చీ ఖాళీ అని సైగ చేశాను. ఆవిడకి అంతా తెలిసిపోయింది. పక్కగదిలో కొడుకు వైపు ఒక చూపు చూసింది.

"వాడికి నేను చెప్పనులే" అంది. "చెబితే వింటాడు. వాడు చూడాలి."

మెషీన్ మొదలుపెట్టిన రోజు, మధ్యలో ఆగిపోతే చూసుకోవడానికి నన్ను గాజు గదిలోనే కూర్చోమన్నారు. ఎదురుగా మైకు లేదు. అది ఉన్నచోట నాలుగు మేకుల గుర్తులు ఉన్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయట వాన, బస్సులు, గొడుగులు. పైన నా గొంతు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఎంత హుషారుగా మొదలుపెట్టిందో. అందులో ఒక్క తప్పైనా దొర్లుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఒక్కటీ దొర్లలేదు. నేనైతే మధ్యాహ్నం అయ్యేసరికి తప్పకుండా ఒకటి తడబడేదాన్ని.

అంతలో గేటు దగ్గర అత్తగారు కనపడింది. చుట్టాల బస్సు ఏదో కనుక్కోవాలని వంకపెట్టి కొడుకుని లాక్కొచ్చిందట. గొడుగు ఆవిడ మీద పట్టి ఈయన సగం తడుస్తూ వస్తున్నారు. స్పీకర్లో నా గొంతు వినగానే, అలవాటుగా గాజు గది వైపు తిరిగారు. దగ్గరికి వచ్చి, కసుర్లూ విసుర్లూ వద్దన్నట్టు కాస్త నవ్వారు. బస్టాండ్‌లోనైనా నా గొంతు విన్నానన్న సంబరమేమో, నాకు తెలియదు.

ఆ నవ్వు అలా ఉండగానే ఆయన చూపు నా నోటి మీద ఆగింది.

పైన గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. దక్షిణం వైపు వెళ్ళే బస్సు ఆలస్యంగా నడుస్తోందని, అసౌకర్యానికి చింతిస్తున్నామని. నా పెదవులు మూసే ఉన్నాయి. ఆయన తలెత్తి స్పీకర్ వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్ళీ స్పీకర్ వైపు. గొడుగు తల్లి చేతికిచ్చి, అద్దం మీద పట్టిన ఆవిరిని అరచేత్తో తుడిచారు. అది లోపలి వైపు పట్టింది, బయట తుడిస్తే పోదు. అయినా తుడుస్తూనే ఉన్నారు. నేనే ఇటువైపు నుంచి చేయి పెట్టి తుడిచాను. అప్పుడు నా ముఖం, ఖాళీ బల్ల, మేకుల గుర్తులు, అన్నీ ఒక్కొక్కటే చూశారు. వానలో అలాగే నిలబడ్డారు. బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. ఆయన కదల్లేదు. నా డ్యూటీ అయ్యాక ముగ్గురం ఒకే గొడుగులో ఇంటికి నడిచాం.

ఆ రోజే నోరు విప్పి ఉండాల్సింది. కానీ ఆయన నన్ను చదివారో, మెషీన్‌ని చూసి నోరు తెరిచారో, అదే తేలలేదు నాకు.

ఆదివారం పొద్దున్న పేపరొచ్చింది. అలవాటు ప్రకారం ఎవరూ చూడకుండా వంటింట్లో నిలబడి ఆయన కాలమ్ తెరిచాను. "ఇన్నాళ్ళూ ఈమెని చూడకుండా ఎలా ఉన్నానో నాకే అర్థం కావడం లేదు" అని మొదలైంది. ఒళ్ళు భగ్గుమంది. ఒకావిడతో వేగలేక చస్తుంటే ఇంకొకతి తయారైందన్నమాట. పళ్ళు కొరుక్కుంటూ చదివాను. ఈమె ముఖంలో ఏ హంగూ లేదట. ఏమీ చేయకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందట. ఆ కూర్చోవడం తెర మీది గొప్ప నటికి కూడా చేతకాలేదట. చేతకాలేదా? సవతి కోసం నాకు ఒక క్షణం కష్టమేసింది కూడా. మనిషి ఎంత త్వరగా పార్టీ మారుతాడో చూడు అనుకున్నాను.

తర్వాతి వాక్యంలో గాజు గది వచ్చింది.

పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా చూసుకోలేదు. "చుట్టూ ఆమె గొంతే వినిపిస్తోంది, ఆమె నోరు మాత్రం మూసి ఉంది. పోయిన నటీమణుల మౌనానికి అర్థాలు రాసుకుంటూ, ఇంట్లో మౌనాన్ని నేను అలక అనుకున్నాను. అద్దం తుడిచింది కూడా ఆమే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద అక్షరాల పలక లేదు. ఈసారి నాకు దాని అవసరం పడలేదు" అని ఉంది. అంతే. సినిమా పేరు లేదు, మనిషి పేరూ లేదు.

పొయ్యి కట్టేసి, పేపరు పట్టుకుని ముందుగదిలోకి వచ్చాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా చూస్తున్నారు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని చేతిలో పత్తి లేకుండానే ఒత్తులు చేస్తున్నట్టు వేళ్ళు నలుపుకుంటోంది. మా ఇద్దరి మధ్యా పేపరు పెట్టాను. చాలా రోజులుగా ఇంట్లో వాడని గొంతు కదా, ముందు కాస్త గీరుకుంది.

"నేనేం ఏడవలేదు" అన్నాను. "ఆవలింత ఆపుకున్నాను. ఆ ముక్క తప్పు రాశారు."

ఆయన ఉలిక్కిపడ్డారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమందిరా?" అంది అత్తగారు.

"ఏడవలేదటమ్మా" అని ఆయన తల్లి చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పారు. "ఆవలింతట."

అత్తగారు నా వైపు తిరిగింది. కాసేపు తేరిపార చూసి, "అబద్ధం" అంది.

"అవునమ్మా" అన్నారు ఆయన. తల్లితోనే అన్నారు గానీ, చూపు మాత్రం నా ముఖం మీద నుంచి తీయలేదు. "నాకూ అలాగే కనపడుతోంది."